హిమసముద్రమున బాట తీసిన శాస్త్రజ్ఞుడు

రష్యా దేశమునకు ఉత్తరపు అంచున, యెనిసీ నది సముద్రమున కలియు చోట, డిక్సన్ అను చిన్న రేవు కలదు. శీతకాలమున అచ్చట వారముల తరబడి సూర్యుడు కనబడడు. మంచును చీల్చు నౌకలు పుట్టని రోజులలో ఏడాదికి కొన్ని వారములు మాత్రమే సముద్రము దారి యిచ్చెడిది. ఎండలు మండు టేకుమట్ల బడిలో ఉపాధ్యాయుడు ప్రపంచపటముపై ఈ చోటును చూపినచో, అక్కడికి మనుష్యులు ఎట్లు చేరిరని విద్యార్థులు అడుగక మానరు. ఆ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా ఇచ్చినవాడు అడోల్ఫ్ ఎరిక్ నార్డెన్‌షోల్డ్.

ఆయన 1832 నవంబరు 18న ఫిన్లండులోని హెల్సింకి నగరమున జన్మించెను. ఆనాడు ఫిన్లండు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. ఖనిజశాస్త్రమున పాండిత్యము గడించిన ఆ యువకుడు 1857లో ఒక విందులో చేసిన ప్రసంగము పాలకులకు కంటగింపయ్యెను. పుట్టిన ఊరు విడిచి స్వీడనుకు పోక తప్పలేదు. మరుసటి ఏడాదియే స్టాక్‌హోమ్ మ్యూజియమున ఖనిజశాఖకు అధిపతి యయ్యెను; ఆ ఏడే స్పిట్స్‌బెర్గెను దీవులకు తొలిసారి పయనించెను.

ధ్రువప్రాంతము ఆయనకు ఓటమిని సైతము నేర్పెను. 1872లో అచ్చట శీతకాలము గడపబోయినప్పుడు, జారుడుబండ్లు లాగుటకు తెచ్చిన రెయిన్‌డీర్లు తుపానులో తప్పించుకొని పోయెను. వెనుకకు మరలవలసిన నౌకలు కూడ మంచులో చిక్కుకొనగా, కొద్దిమందికై తెచ్చిన తిండిని అందరును పంచుకొనవలసి వచ్చెను.

ఐరోపానుండి సైబీరియా ఉత్తరతీరము వెంట తూర్పునకు పోవు దారిని వెదకుచు అంతకు పూర్వమే పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. 1553లో బయలుదేరిన ఆంగ్లేయుడు విలోబీ తన అనుచరులతో కూడ ప్రాణములు కోల్పోయెను. 1597లో డచ్చి నావికుడు బారెంట్స్ తిరుగు పయనమున మరణించెను. నార్డెన్‌షోల్డ్ సాహసముకంటె ముందు ఆలోచనను నమ్మెను. వరదలనాడు గోదావరి యెర్రనీరు సముద్రములోనికి చాలదూరము చొచ్చుకొనిపోవుట తెలుగువారు ఎరిగినదే. అట్లే ఓబ్, యెనిసీ మహానదులు దక్షిణపు వెచ్చదనమును మోసికొనివచ్చి, వేసవి చివర తీరము వెంట మంచును తొలగించునని ఆయన ఊహించెను. 1875లో ప్రోవెన్ అను చిన్న ఓడలో యెనిసీ ముఖద్వారమును చేరి, ఆ ఊహను నిజము చేసెను. తన యాత్రకు ధనమిచ్చిన వర్తకుడు ఆస్కార్ డిక్సన్ పేరు ఆ రేవునకు పెట్టెను. 1876లో మరల అదే నదికి పోయి, మొదటి విజయము అదృష్టవశమున కలిగినది కాదని చాటెను.

1878 జూలైలో వేగా అను ఆవిరి ఓడ స్వీడను తీరమును విడిచెను. దానికి నాయకుడు పలాండర్. తోడు వచ్చిన నౌకలలో రెండు యెనిసీకి సరకులు చేర్చెను. లేనా అను మూడవది లేనా నది నెదురీది యాకూట్‌స్క్ నగరమును చేరెను. వేగా ఆగస్టు 19న ఆసియాఖండపు ఉత్తరపు కొనయైన చెల్యూస్కిన్ అగ్రమును చేరెను. ఇక గమ్యము చేరువయ్యె ననుకొనుచుండగా, సెప్టెంబరు 28న బేరింగ్ జలసంధికి సుమారు 200 కిలోమీటర్ల దూరమున మంచు వేగాను బంధించెను.

పది నెలలకు కొంచెము తక్కువగా ఆ నిర్బంధము సాగెను. నార్డెన్‌షోల్డ్ ఆ చీకటి మాసములను వ్యర్థము కానీయలేదు. మంచుతోనే కట్టిన గదిలో అయస్కాంతసూచికను గంటగంటకు పరిశీలించు ఏర్పాటు చేసెను. సమీపమున నివసించు చుక్చీ జనులతో స్నేహము పెంచుకొని, వారి భాషను, జీవనమును గ్రంథస్థము చేయించెను. ఓడలోని 30 మందిలో ఒక్కడైనను ప్రాణము కోల్పోలేదు. 1879 జూలై 18న మంచు సడలెను. రెండు దినములలో వేగా జలసంధిని దాటెను. సెప్టెంబరు 2న జపానులోని యొకోహామా చేరి, సింహళము, సూయజ్ కాలువల మీదుగా 1880 ఏప్రిల్ 24న స్టాక్‌హోమ్ చేరుకొనెను. ఐరోపా ఆసియాలను చుట్టివచ్చిన తొలి నౌక అదియే.

స్వీడను రాజు ఆయనకు బేరన్ బిరుద మొసగెను. తరువాతి కాలమున ఆయన ప్రాచీన పటములను సేకరించి, వానిపై గొప్ప గ్రంథములు వెలయించెను. 1901 ఆగస్టు 12న స్వీడనులో కన్ను మూసెను. తనను వెడలగొట్టిన సామ్రాజ్యమునకే ఉత్తరద్వారమును తెరచి యిచ్చిన ఆ ప్రవాసి, స్వస్థలమున స్థిరపడక పోయెను. కాని ఆయన పటముల భాండారమును మరుసటి ఏడాది హెల్సింకి విశ్వవిద్యాలయము కొనెను. ఊరు విడిచిన పుత్రుడు వెదకిన దారులన్నియు, ఆ విధముగా, పుట్టిన ఊరికే వచ్చి చేరెను.