వేసవిలో బయలుదేరిన బాటసారి
ఏనుగుల వీరాస్వామయ్యగారి జీవితము

తోట్లవల్లూరు చెంత గట్టుపై నిలిచి నడివేసవిలో కృష్ణానదిని చూచువారికి నీటికంటె ఇసుకయే ఎక్కువగ కనబడును. పాయలు సన్నగిల్లి లంకల నడుమ దారి వెదకుకొనుచుండును. శ్రావణమాసము వచ్చి వరద పోటెత్తిననాడు ఆ ఇసుక జాడయే తెలియదు. ఒకే నది ఒకే యేటిలో ఇంత వేరుగ కనబడుటకు కారణము ఋతువు. ఋతువు నెరిగి నడచినవానికి త్రోవ దొరకును. ఎరుగనివానికి త్రోవయే ఆపద యగును. ఈ సత్యమును పదునైదు మాసముల ప్రయాణములో స్వయముగ నేర్చి, నేర్చినదానిని తెలుగువారికి వ్రాసియిచ్చిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు.

వీరాస్వామయ్యగారు సుమారు 1780లో చెన్నపట్టణమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయిరి. ఆ కాలమున చెన్నపట్టణములో పైకి రాదలచిన బీదవిద్యార్థికి ఇంగ్లీషుభాషయే ఊతకోల. ఆయన ఆ భాషను చిన్ననాటనే అభ్యసించి, కుంపిణీవారి కచేరీలలో పనిచేయుచు, క్రమక్రమముగ నెదిగి, చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు పదవిని పొందిరి. వాది మాట న్యాయమూర్తికి, న్యాయమూర్తి మాట వాదికి తెలియజెప్పుట ఆ యుద్యోగమునందలి పని. విన్నది విన్నట్లు చెప్పవలెను. ఒక మాట చేర్చరాదు, ఒక మాట విడువరాదు. ఈ యభ్యాసమే తరువాత ఆయన రచనకు ప్రాణమైనది. కన్నది కన్నట్లు వ్రాయుట ఆయనకు న్యాయస్థానము నేర్పిన విద్య.

ఏబదియేండ్ల ప్రాయమున ఆయనకు కాశీయాత్ర చేయవలెనని సంకల్పము కలిగినది. పై యధికారుల యనుమతిని పొంది, వికృతినామ సంవత్సరమున, అనగా 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన చెన్నపట్టణము విడిచిరి. కుటుంబము, బంధువులు, పరిచారకులు, బోయీలు కలిసి పరివారము సుమారు నూరుమంది. కృత్తికకార్తె నడచుచున్న దినములవి. రోహిణికార్తె ముంగిటనే యున్నది. రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుకొను ఎండలలో ఇంటినుండి కదలుటకే జంకు కాలమున, ఆయన నూరు ప్రాణముల బాధ్యతను తలకెత్తుకొని ఉత్తరదేశమునకు త్రోవ పట్టిరి.

ఇది పైకి సాహసముగ తోచవచ్చును. కాని ఆనాటి ప్రయాణపు లెక్క వేరు. మనదేశమున మొదటి ప్రయాణికుల రైలు నడచినది 1853లో. అంతకుముందు చెన్నపట్టణమునుండి కాశికి భూమార్గమున పోవలెనన్న మాసములు పట్టును. ఏ నెలలో కదలినను నడుమ ఒక దుస్సహమైన ఋతువు తగులక తప్పదు. హేమంతమున కదలినవానికి ఉత్తరదేశపు నడివేసవి యెదురగును. అక్కడి వడగాడ్పు మన యెండకంటె క్రూరమైనది. మే నెలలో కదలినవానికి మొదట తెలుగుదేశపు ఎండయు, పిమ్మట దక్కనునందలి వర్షమును తగులును. ఫలముగ గంగాతీరమున చల్లని కాలము లభించును. కష్టమును తప్పించుకొనుటకు వీలులేనప్పుడు ఏ కష్టమును ముందు పడవలెనో నిర్ణయించుకొనుటయే ప్రయాణికుని వివేకము.

ఎండకాలపు ప్రయాణమునకు ఒక పద్ధతి యుండెడిది. తెల్లవారకమునుపే, చుక్కల వెలుగున బిడారము కదలును. బోయీలు పల్లకి నెత్తుకొని పదము కలిపి నడతురు. కావళ్లవారు, బండ్లు వెనువెంట సాగును. ఎండ ముదురకమునుపే మజిలీ చేరవలెను. అక్కడ నాలుగు వస్తువు లుండవలెను: త్రాగుటకు నీరు, తలదాచుకొన చెట్టునీడ, వంటకు చెరకు, దినుసులమ్ము అంగడి. ఈ నాలుగింటిలో నీరు లేనినాడు తక్కిన మూడును వ్యర్థములు. చింతతోపు, మామిడితోపు, దిగుడుబావి, సత్రము, చలిపందిరి అనునవి మనకు నేడు పుణ్యకార్యముల పేర్లుగ మాత్రమే వినబడుచున్నవి. ఆనాడు అవి బ్రదుకునకు ఆధారములు. పల్లకిలోని యజమానుని సుఖము బోయీల ఊపిరిపై నిలిచియుండెను. బోయీల ఊపిరి తరువాతి మజిలీలోని బావినీటిపై నిలిచియుండెను. అందువలననే వీరాస్వామయ్యగారి రచనలో దేవాలయముతోపాటు బావియు, మండపముతోపాటు అంగడియు కనబడును. ఏ యూర వసతి యున్నది, ఏ యూర దినుసులు దొరకును, ఏ త్రోవ రాతినేల, ఏ త్రోవ అడవి అనునవి ఆయన శ్రద్ధతో గుర్తించిరి. వెనుక వచ్చువారికి పనికివచ్చునని ఈ శ్రమ.

తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము మీదుగ పోయి కృష్ణను దాటి ఆయన హైదరాబాదు చేరిరి. తోట్లవల్లూరు లంకలను తడుపు నదియే నల్లమల కొండల నడుమ లోతైన గండిలో ప్రవహించును. ఇక్కడ గట్టుపై నిలిచి చేతితో అందుకొనదగిన నీటికొరకు అక్కడ కొండ దిగవలెను. ఒకే నదిని రెండు తావుల చూచినవానికి, దేశముయొక్క రూపమే నీటి విలువను నిర్ణయించునని బోధపడును.

హైదరాబాదు దాటిన పిమ్మట వానలు. ఎండలో ఆపద నీరు లేకపోవుట. వానలో ఆపద నీరు మితిమీరుట. రేగడినేల తడిసినచో మోకాలిబంటి అడుసు. బండిచక్రము కదలదు, బోయీకి అడుగు నిలువదు. నిన్న పాదము తడియని వాగు నేడు పొంగి రెండుమూడు దినములు నిలిపివేయును. పెద్దనదులను పుట్టెలలోను పడవలలోను దాటవలెను. ఆదిలాబాదు అడవులు, నాగపురము, జబ్బల్పూరు మీదుగ ఉత్తరమునకు పోవు ఆ మార్గమున మనుష్యభయము సైతము కలదు. బాటసారులతో చెలిమి నటించి, వారిని చంపి దోచుకొను ఠగ్గులను అణచుటకు స్లీమన్ దొర పూనుకొన్నది ఆ సంవత్సరముల యందే, ఆ జబ్బల్పూరు సీమయందే. గుంపుగ పోవుటకు ఆడంబరము కారణము కాదు, అది ఆత్మరక్షణ.

వింధ్యను దాటి మిర్జాపురము, ప్రయాగ, కాశి, గయ మొదలగు క్షేత్రములను ఆయన సేవించిరి. గంగపై పడవ ప్రయాణమును చేసిరి. వేసవిలో బయలుదేరినందుకు ఫలము అక్కడ దక్కినది. ఉత్తరదేశపు చలికాలము యాత్రికునకు అనుకూలమైనది. అయినను ఆయన కన్ను దేవునిపై మాత్రమే నిలువలేదు. కుంపిణీవారు యాత్రికులనుండి వసూలుచేయు పన్నులను, తీర్థవాసుల రీతులను, జనుల యాహారమును, భాషను, వృత్తులను, రాజ్యములనడుమ మారుచుండు నాణెములను ఆయన గమనించిరి. పిదప కలకత్తా చేరి, అక్కడినుండి సముద్రతీరపు త్రోవను పూరీ జగన్నాథము, గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము మీదుగ తిరుగుముఖము పట్టి, 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరిరి. మొత్తము పదునైదు మాసముల పదునైదు దినములు. ఆ కాలమంతయు ఆయన తన మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి విశేషములను వ్రాయుచునే యుండిరి. ఆ వ్రాతలే కాశీయాత్రచరిత్రగ రూపొందినవి.

తిరుగుప్రయాణమున ఆయన గోదావరిని, పిదప మరల కృష్ణను దాటవలసివచ్చినది. ఈ డెల్టాసీమ ఆనాడు మన మెరిగిన సీమ కాదు. గోదావరిపై ఆనకట్ట లేదు; కృష్ణపై ఆనకట్ట లేదు. కనుచూపుమేర పరచుకొన్న వరిచేలు లేవు. గుడివాడ, బందరు, దివిసీమల సేద్యము వానపైనను, చెరువులపైనను, వరద దయదలచి విడిచిపోయిన తేమపైనను ఆధారపడియుండెను. ప్రక్కనే మహానది పారుచున్నను పొలము ఆకాశమువంకనే చూచుచుండెను.

ఆ యాకాశము ముఖము చాటువేసినది. వీరాస్వామయ్యగారు ఇల్లు చేరిన మరుసటియేడే, 1832లో, వానలు వెనుకాడినవి. 1832-33లో వచ్చిన ఆ క్షామమునే నందనకరవనియు, డొక్కలకరవనియు జనులు తరతరములు చెప్పుకొనిరి. గుంటూరుసీమలోని అయిదులక్షల ప్రజలలో సుమారు రెండులక్షలమంది నశించిరని ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. కృష్ణకీవల బందరుసీమయు అల్లాడినది. వీరాస్వామయ్యగారు యాత్రనుండి తిరిగివచ్చిన ఆ తీరపు బాటయందే, తిండికొరకు చెన్నపట్టణమువైపు నడచిన దీనజనులు కూలిపోయిరి. ఆయన నడచిననాడు ఆ బాట మజిలీల వరుస. రెండేండ్లలో అది శవముల వరుస. బాట అదియే, మారినది ఋతువు. పట్టణము చేరగలిగిన క్షుద్బాధితులకు అన్నము పెట్టి ఆదుకొన్న దాతలలో వీరాస్వామయ్యగారొకరు. ఆ బాటను స్వయముగ చూచివచ్చినవానికి, అందు నడచివచ్చిన యాకలి యెట్టిదో వేరొకరు చెప్పనక్కరలేదు.

ఇచట ఆలోచింపదగిన విషయమొకటి కలదు. ఆయన పరివారమును ఎండలోను వానలోను నడిపించినది అదృష్టమొక్కటియే కాదు, ఏర్పాటు. మజిలీని ముందు విచారించుట, నీటిని ముందు తెలిసికొనుట, దినుసులను ముందు సమకూర్చుకొనుట. నూరుమందికి ఒక గృహస్థు చేయగలిగిన ఈ యేర్పాటును లక్షలమందికి ఆనాటి ప్రభుత్వము చేయలేదు. ఎండలు రెంటికిని సమానమే. ఒకచోట ముందుచూపు కలదు, ఒకచోట లేదు. క్షామమున చంపునది వాన లేకపోవుట మాత్రమే కాదు. వాన రానినాడు ఏమి చేయవలెనో ముందుగ తలపకపోవుట.

ఆ తలంపు ఆలస్యముగనైనను కలిగినది. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. కాలువలు పారినవి, డెల్టా పచ్చబడినది. బెజవాడయందు పాత ఆనకట్టకు మారుగ 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. కాని వీరాస్వామయ్యగారు ఈ మార్పును చూడలేదు. 1836 అక్టోబరు 3వ తేదీన ఆయన పరమపదించిరి. రెండేండ్ల పిదప, 1838లో, శ్రీనివాసపిళ్ళగారు మిత్రుని గ్రంథమును అచ్చువేయించిరి. యాత్రికుడు పోయెను, త్రోవ నిలిచెను. ఒక శతాబ్దము గడచిన వెనుక, 1941లో, దానిని చక్కని పీఠికతో మరల ప్రకటించినవారు విజయవాడయందు న్యాయవాదిగానుండిన దిగవల్లి వేంకటశివరావుగారు. కృష్ణను దాటిపోయిన బాటసారి కథ కృష్ణయొడ్డుననే మరల ప్రాణము పోసికొనుట ఉచితముగనే యున్నది.

నేడు చెన్నపట్టణమునుండి కాశికి రైలులో రెండు దినముల లోపుననే పోవచ్చును. కిటికీ మూసికొని కూర్చున్నవానికి నల్లరేగడి యెక్కడ మొదలైనదో, బావినీటి రుచి యెక్కడ మారినదో తెలియదు. వేగము మనకు కాలమును మిగిల్చినది, దేశమును దాచివేసినది. పాఠశాలలో భూగోళము చెప్పు ఉపాధ్యాయులు వీరాస్వామయ్యగారి మార్గమును దేశపటముపై ఒక గీతగ గీయించి, ఏ నెలలో ఏ తావున ఏ నీరు దొరకునో పిల్లలచేత ఆలోచింపజేసినచో, ఋతుపవనములు, నేలలు, నదులు అను మూడు పాఠములును ఒక మనుష్యుని నడకలో కలిసివచ్చును.

కాశి చేరుట పుణ్యమని ఆయన నమ్మిరి. ఆ నమ్మకముననే బయలుదేరిరి. అయితే చేరిన చోటితోపాటు నడచిన దారిని సైతము లోకమునకు పంచియిచ్చుటవలన ఆయన చిరస్మరణీయులైరి. వేసవి వచ్చి తోట్లవల్లూరు చెంత కృష్ణ సన్నగిల్లినప్పుడెల్ల, నీటి విలువను మజిలీ మజిలీకి తూచి చూచిన ఆ బాటసారి తలపునకు రావలెను.