తోడు వెదకిన విల్సన్

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధం అమలులో ఉన్నది. ఆ సంవత్సరాలలోనే విలియం గ్రిఫిత్ విల్సన్ తాగి తాగి చదువును, సంపాదనను, ఆరోగ్యాన్ని పోగొట్టుకొన్నాడు. నిషేధం తొలగిన మరుసటి సంవత్సరం తాగుడు మానివేశాడు. శాసనం వల్ల కానిది అతనికి మరొకచోట దొరికింది.

విల్సన్ 1895 నవంబరు 26వ తేదీన వెర్మాంట్ రాష్ట్రంలోని ఈస్ట్ డార్సెట్ గ్రామంలో జన్మించాడు. బాల్యంలోనే తలిదండ్రులు విడిపోగా మాతామహుల ఇంట పెరిగాడు. బూమరాంగ్ చేయడం ఆస్ట్రేలియావారికి తప్ప మరెవరికీ చేతకాదని ఒకనాడు తాత మాటవరుసకు అన్నాడట. కుర్రవాడు ఆ మాట పట్టుకొని నెలల తరబడి కొయ్య చెక్కుతూ కూర్చున్నాడు. చివరకు తన మంచపు తలాపి పలకను కోసి చేసినది గాలిలో తిరిగి అతని వద్దకే వచ్చింది. అన్నిటా తానే ప్రథముడు కావాలనే పట్టుదల అప్పటినుండి అతణ్ణి విడవలేదు. ఈ గుణాన్ని బడిలో మనం మెచ్చుకొంటాము. అట్టి పిల్లవానికి ఓటమిని ఓర్చుకోవడం కూడా నేర్పాలన్న సంగతి మాత్రం మరచిపోతాము.

1917లో, ఫిరంగిదళంలో అధికారిగా ఉండగా, మొదటిసారి మద్యం ముట్టాడు. నలుగురిలో బిడియపడే యువకునికి అది ధైర్యమనిపించింది. మరుసటి జనవరి 24న లోయిస్ బర్న్‌హామ్‌ను వివాహమాడాడు. యుద్ధం ముగిశాక న్యాయశాస్త్రం చదివాడు గాని పట్టా పుచ్చుకోలేదు. న్యూయార్క్ వాటాల బజారులో కంపెనీల స్థితిగతులు విచారించే పనిలో బాగా గణించాడు. 1929లో బజారు కూలిపోయింది. తరువాత లోయిస్ దుకాణంలో పనిచేసి తెచ్చిన జీతమే ఇంటికి ఆధారమైంది. 1933, 34 సంవత్సరాలలో అతడు నాలుగుసార్లు టౌన్స్ ఆసుపత్రిలో చేరాడు. తాగుడు దుర్గుణం కాదు, వ్యాధి అని అక్కడి వైద్యుడు సిల్క్‌వర్త్ నమ్మకం.

1934 నవంబరులో ఎబ్బీ థాచర్ అనే పాత మిత్రుడు ఇంటికి వచ్చాడు. కలిసి తాగినవాడే, ఈసారి మాత్రం పాత్రను తాకలేదు. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే మతబృందంలో చేరి మానుకొన్నానన్నాడు. విల్సన్ డిసెంబరు 11న చివరిసారి తాగి ఆసుపత్రిలో చేరాడు. అక్కడ గది అంతా వెలుగు నిండినట్లు తోచి మనసు శాంతించినదని తరువాత చెప్పుకొన్నాడు. అది మందుల ప్రభావమన్నవారూ ఉన్నారు. ఏమైనా, అతడు మరి తాగలేదు.

ఆ ఉత్సాహంతో ఐదారు నెలలు తాగుబోతుల వెంటపడి బోధించాడు. ఒక్కడూ మారలేదు. అయినా అతడు మాత్రం తాగకుండా ఉన్నాడు గదా అని లోయిస్ గుర్తుచేసింది. బోధ మాని ముందుగా వ్యాధి సంగతి చెప్పమని సిల్క్‌వర్త్ సలహా ఇచ్చాడు.

1935 మే నెలలో వ్యాపార వివాదం మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరానికి వెళ్ళి ఓడిపోయాడు. జేబులో సుమారు పది డాలర్లు. శనివారం మధ్యాహ్నం, మేఫ్లవర్ హోటల్ వసారాలో ఒంటరిగా పచార్లు చేస్తున్నాడు. ఒక ప్రక్క పానశాలనుండి నవ్వులు వినిపిస్తున్నాయి. రెండవ ప్రక్క టెలిఫోను, దాని దగ్గర నగరంలోని చర్చిల జాబితా ఉన్నాయి. తనవంటి మరొక తాగుబోతుతో వెంటనే మాటాడకపోతే తాను తాగడం ఖాయమని అతనికి తెలిసిపోయింది. ఇదివరలో అతడు ఇతరులను రక్షించడానికి పోయినవాడు. ఆనాడు తన్ను రక్షించుకోవడానికి ఒక రోగిని వెదకుతున్నాడు. జాబితాలో ఒక మతాచార్యుని పిలిచాడు. అతడు చెప్పిన పేర్ల వెంట ఒకరి తరువాత ఒకరిని పిలుస్తూ చివరకు హెన్రియెటా సైబర్లింగ్ అనే ఆమెను చేరాడు. ఆమె ఎరిగిన శస్త్రవైద్యుడు రాబర్ట్ స్మిత్ తాగుడుతో వృత్తిని పాడుచేసుకొంటున్నాడు.

మరునాడు సాయంత్రం ఐదింటికి స్మిత్ వచ్చాడు, పదిహేను నిమిషాలకు మించి కూర్చోననే షరతు మీద. విల్సన్ ఉపదేశించలేదు, తన కథ చెప్పాడు. రాత్రి పదకొండు దాటింది. స్మిత్ మరొకసారి జారిపడ్డాడు. జూన్ 10న తాగిన తరువాత మరణం వరకు ముట్టలేదు. ఆ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా పరిగణిస్తారు. ఇద్దరూ ఆసుపత్రిలో మంచం మీదనున్న ఒక న్యాయవాది వద్దకు వెళ్ళారు. అతడు మూడవవాడు.

బ్రూక్లిన్‌లో క్లింటన్ వీధి 182వ నంబరు విల్సన్ ఇంట మంగళవారపు రాత్రులు సమావేశాలు సాగాయి. సభ్యత్వానికి రుసుము లేదు, తాగుడు మానాలనే కోరిక ఒక్కటి చాలు. 1939లో వెలువడిన గ్రంథం సంఘానికి పేరిచ్చింది. ఆ ఏడే విల్సన్ దంపతులు ఇల్లు పోగొట్టుకొని మిత్రుల ఇండ్లలో తలదాచుకొన్నారు. 1941 మార్చిలో సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ పత్రిక వ్యాసం ప్రచురించగా దేశం నలుమూలలనుండి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. రెండువేలుగా ఉన్న సభ్యులు సంవత్సరాంతానికి ఎనిమిది వేలైనారు.

బూమరాంగ్ కుర్రవానికి ఇక కీర్తి కావలసినంత దొరికేది. 1954లో యేల్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇస్తామంటే వద్దన్నాడు. ఏ సభ్యుడూ పేరు చాటుకోరాదన్న నియమాన్ని తానే ఉల్లంఘించరాదు గదా! మరుసటి ఏడు సంఘ పాలనను సభ్యుల ప్రతినిధులకు అప్పగించాడు. సంవత్సరాల తరబడి మనోవ్యాకులత అతణ్ణి వేధించింది. సిగరెట్టు మాత్రం విడువలేకపోయాడు, ఊపిరితిత్తులు చెడినవి. చివరి రోజులలో మంచం మీదనుండి విస్కీ అడిగాడని పరిచారికల వ్రాతలలో ఉన్నది. ఎవరూ ఇవ్వలేదు. ముప్ఫైఆరేండ్ల నిగ్రహం చెడకుండానే 1971 జనవరి 24న, తన వివాహదినాన, మయామీలో మరణించాడు. అంతవరకు బిల్ డబ్ల్యు. అనే పొడిపేరుతో చలామణి అయిన మనిషి పూర్తి పేరును పత్రికలు అప్పుడు ప్రకటించాయి.