గాంధీ ప్రార్థనలో అందరికీ చోటు

దక్షిణాఫ్రికాలోని ఫీనిక్స్ ఆశ్రమంలో సాయంత్రమైతే అందరూ కలిసి కూర్చుని భజనలు పాడేవారు. వాటిలో క్రైస్తవ కీర్తనలూ ఉండేవి. 1915 జనవరి 9న బొంబాయిలో ఓడ దిగిన గాంధీ ఆ అలవాటును వదల్లేదు. మే 25న అహ్మదాబాద్ దగ్గరి కొచ్రబ్‌లో ఆశ్రమం పెట్టి, ప్రార్థనను మళ్లీ మొదలుపెట్టారు.

కొన్ని నెలలకే పరీక్ష ఎదురైంది. అంటరానివారని దూరం పెట్టిన కులానికి చెందిన దూదాభాయి, భార్య దానీబెన్, పాప లక్ష్మితో ఆశ్రమంలో చేరారు. లోపలివారిలోనే కొందరికి అది మింగుడుపడలేదు. బావి దగ్గర తిట్లు మొదలయ్యాయి, విరాళాలు ఆగిపోయాయి. డబ్బు అయిపోతే దళితవాడకే మకాం మారుద్దామన్నారు గాంధీ. చివరికి ఒక మిల్లు యజమాని 13,000 రూపాయలిచ్చి ఆదుకున్నారు.

ఆశ్రమం సబర్మతికి మారాక, విష్ణు దిగంబర్ పలుస్కర్ శిష్యుడు నారాయణ మోరేశ్వర్ ఖరే పాటకు శ్రుతి, లయ నేర్పారు. వేర్వేరు భాషల పాటలతో ఆశ్రమ భజనావళిని కూర్చారు.

1947లో ఢిల్లీ ప్రార్థన సభల్లో ఖురాన్ వాక్యాలు చదవడంపై కొందరు అభ్యంతరం చెప్పారు. గాంధీ ఆ భాగం వదిలేసి మిగతాది కొనసాగించలేదు. ప్రార్థన మొత్తాన్నే ఆపేశారు. దూదాభాయిని పంపేయనట్టే, ఖురాన్‌నూ పక్కన పెట్టలేదు.

1948 జనవరి 30న పటేల్‌తో మాటల్లో పడి ఆలస్యమైంది. బిర్లా హౌస్ తోటలో వడివడిగా ప్రార్థనకే నడుస్తుండగా గుండ్లు తగిలాయి.