ఖైరున్నీసా బేగం

హైదరాబాదులో మూసీనదికి ఉత్తరాన, కోఠీలో, ఎత్తయిన స్తంభాలతో ఒక మహాసౌధం నిలిచి ఉంది. నిజాం ఆస్థానంలోని ఆంగ్ల ప్రతినిధి నివాసంగా నిర్మించబడినందున దానికి రెసిడెన్సీ అని పేరు వచ్చింది. ఆ ప్రాంగణంలోని అంతఃపురంలో కొద్దికాలం సుఖంగా జీవించి, మిగిలిన కాలమంతా వియోగాన్ని అనుభవించిన వనిత ఖైరున్నీసా బేగం.

ఆమె 1786 ప్రాంతంలో పారశీక మూలాలు గల సయ్యద్ ప్రభువుల వంశంలో జన్మించింది. నిజాం కొలువులో ప్రముఖుడైన మీర్ ఆలం ఆమెకు బంధువు. పెద్దలు ఆమెకు ఒక ఉన్నత కుటుంబంలో సంబంధం నిశ్చయించారు. కాని ఆమె మనసు ఆంగ్ల ప్రతినిధి జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్‌పై నిలిచింది. ఆయన 1764లో మద్రాసులో జన్మించినవాడు. పారశీక, ఉర్దూ భాషలు నేర్చి దక్కను ఆచారాలను ఆదరించినవాడు. ఆమె పట్టుదలకు తల్లి షరఫున్నీసా అండగా నిలిచింది. కిర్క్‌పాట్రిక్ ఇస్లాం మతాన్ని స్వీకరించి ఆమెను వివాహమాడాడు. ఈ వివాహంపై గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణ జరిపించాడు. అయినా కిర్క్‌పాట్రిక్ పదవి నిలిచింది.

ఘోషా పాటించే భార్య కొరకు ఆయన రెసిడెన్సీ ఆవరణలో రంగమహల్ కట్టించాడు. బయటకు వచ్చి సౌధాన్ని చూడలేని ఆమె కొరకు దాని చిన్న నమూనాను కూడా చేయించాడని ప్రతీతి. 1801లో కుమారుడు, 1802లో కుమార్తె కలిగారు. వారి పేర్లు సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం.

ఆ కాలంలో తల్లిదండ్రులలో ఒకరు భారతీయులైనవారికి కంపెనీ కొలువులో ప్రవేశం లేకుండా 1791లోనే ఆంక్ష విధించబడింది. బిడ్డల భవిష్యత్తును తలచి తండ్రి వారిని ఇంగ్లండుకు పంప నిశ్చయించాడు. 1805లో నాలుగేళ్ళ కుమారుడు, మూడేళ్ళ కుమార్తె మద్రాసులో ఓడ ఎక్కారు. ప్రయాణానికి ముందు చిత్రకారుడు జార్జ్ చినరీ వారిద్దరి చిత్రపటం వ్రాశాడు. బిడ్డలు వెళ్ళారు, పటం ఈ దేశంలో మిగిలింది. ఆ సంవత్సరమే అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు.

పందొమ్మిదేళ్ళ వయసులో ఖైరున్నీసా భర్తను కోల్పోయింది, బిడ్డలకు దూరమయింది. భర్త సమాధిని దర్శించడానికి కలకత్తా వెళ్ళింది. అక్కడ ఆదరణ చూపిన హెన్రీ రస్సెల్ అనే ఆంగ్లాధికారి తుదకు ఆమెను విడిచిపెట్టాడు. హైదరాబాదుకు తిరిగి రావడానికి మీర్ ఆలం అనుమతించలేదు. కొంతకాలం మచిలీపట్నంలో ప్రవాసం గడిపి, ఆయన మరణానంతరం స్వస్థలం చేరింది. 1813 సెప్టెంబరులో కన్నుమూసింది. బిడ్డలను మరల చూడలేదు.

ఇంగ్లండులో ఆ పిల్లలు క్రైస్తవ మతంలో విలియం జార్జ్, కేథరిన్ అరోరా అయ్యారు. విలియం 1828లో మరణించాడు. కేథరిన్‌ను ఎరిగిన రచయిత థామస్ కార్లైల్ తన గ్రంథంలోని బ్లూమిన్ పాత్రకు ఆమెనే ఆధారంగా గ్రహించాడని పలువురి అభిప్రాయం. రస్సెల్ ఇంట తమ చిన్ననాటి పటాన్ని చూసి ఆమె కన్నీరు పెట్టింది. నలభై ఏళ్ళు దాటకముందే హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నీసా జీవించి ఉన్నదని తెలిసి ఆమెకు ఉత్తరాలు వ్రాయసాగింది. మనుమరాలు వ్రాసింది ఆంగ్లంలో, అమ్మమ్మ బదులిచ్చింది పారశీకంలో. ఒకరి మనసు ఒకరికి తెలియాలంటే మధ్య అనువాదకులు అవసరమయ్యారు. ఉన్నతమైన భవిష్యత్తు కొరకు సముద్రం దాటిన పసివారికి చదువు లభించింది, గౌరవం లభించింది. తల్లి ఒడిలో విన్న భాష మాత్రం దక్కలేదు.

రంగమహల్ నేడు లేదు. 1924లో స్థాపితమైన మహిళా కళాశాల 1949లో రెసిడెన్సీ సౌధంలోకి వచ్చింది. 2022లో విశ్వవిద్యాలయమై, 2024లో వీరనారి చాకలి ఐలమ్మ పేరు ధరించింది. తన ఇంటిని బయట నుండి చూడ వీలులేని ఒక తల్లి జీవించిన ఆవరణలో నేడు వేలాది ఆడపిల్లలు నిస్సంకోచంగా నడచి తరగతులకు వెళుతున్నారు.