లైటుహౌసులో పెరిగిన పిల్ల

మొన్న శనివారం మా వాడపల్లి వెంకన్న దర్శనానికి చుట్టాలొచ్చారు. ఏడు ప్రదక్షిణలూ అయ్యాక అంతర్వేది కూడా చూస్తామన్నారు. సరేనని అందరం బయల్దేరాం. స్వామి దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు చూసి, చివరికి లైటుహౌసు దగ్గర నిలబడ్డాం. ఇందులో ఎవరైనా కాపురం ఉంటారా అని మా అమ్మాయి అడిగింది. తిరిగొచ్చే దారంతా దానికి గ్రేస్ డార్లింగ్ కథ చెప్పుకొచ్చాను.

ఆవిడ 1815 నవంబరు 24న ఇంగ్లండు ఉత్తర తీరంలోని బాంబరోలో పుట్టింది. తొమ్మిదిమంది సంతానంలో ఏడోది. తండ్రి విలియం ఫార్న్ దీవుల్లో లైటుహౌసు కాపలాదారు. 1826లో వాళ్ల కాపురం లాంగ్‌స్టోన్ దీవికి మారింది. దీవి అని పేరేగానీ సముద్రం మధ్య ఓ నల్లరాతి బండ. ఇరుగూ పొరుగూ లేరు. తోబుట్టువులు ఒక్కొక్కరే వెళ్లిపోయాక తల్లికి తోడుగా గ్రేస్ మిగిలింది.

1838 సెప్టెంబరు 7 తెల్లవారుజామున హల్ నుంచి డండీ వెళ్తున్న ఫర్ఫార్‌షైర్ అనే స్టీమరు, బాయిలర్లు కారిపోయి, గాలికి కొట్టుకొచ్చి రాళ్లకు గుద్దుకుని రెండు ముక్కలైంది. మేడమీద కిటికీలోంచి మొదట చూసింది గ్రేసే. కాస్త వెలుగొచ్చాక రాతిమీద మనుషులు కదలడం కనిపించింది. 1996 తుపాను నాటికి నాకు ఎనిమిదేళ్లు. ఆ గాలి హోరు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అలాంటి గాలిలో తండ్రీకూతుళ్లిద్దరే 21 అడుగుల పడవేసుకుని మైలు దూరం తెడ్లు వేశారు. తండ్రి రాతిమీదకి దూకితే, రెండు తెడ్లూ తనే పట్టుకుని పడవ బద్దలవకుండా ఒంటరిగా నిలబెట్టింది.

ఆ రాతిమీద ఓ తల్లి, ఒళ్లో ప్రాణం పోయిన ఇద్దరు పిల్లలతో కూర్చునుంది. ఇది చెప్పేటప్పుడు నా గొంతు పెగల్లేదు. ఆ తల్లినీ నలుగురు మగవాళ్లనీ ముందు తెచ్చారు. మిగతా నలుగురి కోసం తండ్రి మళ్లీ వెళ్లాడు. గాలి తగ్గక అందరూ రెండు మూడు రోజులు లైటుహౌసులోనే ఉండిపోయారు. ఇంట్లో ఆడవాళ్లు ఇద్దరే. అంతమందికి తిండీ, పొడిబట్టలూ, సేవా ఎలా అమర్చారో ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

తండ్రి తన డైరీలో 43 మంది మునిగిపోయారని రాసి, తొమ్మిదిమందిని డార్లింగులు కాపాడారని ఒక్క ముక్కతో సరిపెట్టాడు. కూతురి పేరు విడిగా రాయలేదు. పత్రికలు మాత్రం ఆ పేరుని ఇల్లిల్లూ చేర్చాయి. విక్టోరియా రాణి 50 పౌన్లు పంపింది. వెండి పతకం వచ్చింది. ఇక మొదలైంది జనం తాకిడి! పడవల్లో చూడవచ్చేవాళ్లు, బొమ్మ గీస్తామని వచ్చి గంటలకొద్దీ కూర్చోబెట్టే చిత్రకారులు, వెంట్రుకలు కావాలి, గౌను ముక్క కావాలి అంటూ ఉత్తరాలు. నాటకాల వాళ్లూ, సర్కసు వాళ్లూ కూడా పిలిచారు. తను వెళ్లలేదు. వచ్చినవాళ్లకి మర్యాద చెయ్యాలి, ఉత్తరాలకు జవాబు రాయాలి. పిల్ల అలిసిపోతోందని తండ్రి మొత్తుకోవాల్సి వచ్చింది. ఆ జనం చెడ్డవాళ్లేం కాదు. నేనూ ఆ కాలంలో అక్కడుంటే పడవెక్కేదాన్నేమో!

పెళ్లి చేసుకోలేదు. 1842లో క్షయ పట్టుకుంది. అక్టోబరు 20న, ఇంకా 27 నిండకుండానే బాంబరోలో పోయింది. ఆ పడవ ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉంది.

తండ్రి మాత్రం మళ్లీ లాంగ్‌స్టోన్ వెళ్లి, 1860లో పని మానేసేదాకా ఆ దీపాన్ని కనిపెట్టుకునే ఉన్నాడు.