బెస్సీ కోల్మన్
బెస్సీ కోల్మన్ (జనవరి 26, 1892 - ఏప్రిల్ 30, 1926) అమెరికాకు చెందిన విమానచోదకురాలు. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య నుండి చోదక అనుమతి పత్రం పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ. ఈమె సమాధి మీదుగా విమానాలలో ఎగురుతూ పూలు జల్లే ఆచారాన్ని చికాగోలోని నల్లజాతి వైమానికులు 1931లో ప్రారంభించారు.

బాల్యము
టెక్సస్ రాష్ట్రంలోని అట్లాంటాలో (ఇది జార్జియా రాజధాని అట్లాంటా కాదు) ఒక పేద వ్యవసాయ కుటుంబంలో జన్మించింది. వాక్సహాచీ పట్టణంలో పత్తి ఏరుతూ, తల్లితో కలసి బట్టలుతుకుతూ చదువుకుంది. ఓక్లహామాలో కళాశాలలో చేరినా డబ్బు చాలక ఒక్క విడతతోనే చదువు ఆగిపోయింది. తరువాత చికాగో చేరి, ఒక క్షౌరశాలలో గోళ్ళు తీర్చిదిద్దే పనిలో కుదిరింది.

విమానయానము
ఫ్రాన్సులో స్త్రీలు సైతం విమానాలు నడుపుతున్నారని, ఆ పని నీవల్ల కాదని, యుద్ధం నుండి తిరిగివచ్చిన సోదరుడు ఎగతాళి చేయడంతో ఈమెకు పట్టుదల కలిగింది. అయితే అమెరికాలో నల్లజాతి స్త్రీని చేర్చుకునే శిక్షణశాల దొరకలేదు. చికాగో డిఫెండర్ పత్రిక అధిపతి రాబర్ట్ అబ్బాట్ సలహాపై ఫ్రెంచి భాష నేర్చుకుని, 1920 నవంబరులో ఫ్రాన్సుకు ఓడలో బయలుదేరింది. లె క్రోటోయ్‌లోని కోడ్రాన్ సోదరుల పాఠశాలలో శిక్షణ పొంది, 1921 జూన్ 15న అనుమతి పత్రం సాధించింది. అమీలియా ఇయర్‌హార్ట్‌కు ఇదే పత్రం లభించినది 1923లో.

స్వదేశంలో విన్యాస ప్రదర్శనలే ఈమెకు జీవనాధారం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక చవకగా అమ్ముడైన కర్టిస్ జెన్నీ అనే రెండు రెక్కల అంతస్తుల శిక్షణ విమానాలను నడిపేది. నల్లజాతీయులకు విమాన పాఠశాల నెలకొల్పడం ఈమె ధ్యేయం. వాక్సహాచీ ప్రదర్శనలో తెల్లవారికి, నల్లవారికి వేరు ద్వారాలు పెడితే తాను ఎగరనని పట్టుబట్టింది. నిర్వాహకులు ద్వారం ఒకటే ఉంచారు గాని, లోపల ఆసనాలు మాత్రం వేరుగానే ఉంచారు.

మరణము
1926 ఏప్రిల్ 30న జాక్సన్‌విల్‌లో, మరునాటి పారాచూట్ దూకుడుకు అనువైన స్థలం చూసేందుకు మెకానిక్ విలియం విల్స్ నడుపుతున్న జెన్నీలో పైకి వెళ్ళింది. క్రిందికి వంగి చూడవలసి ఉన్నందున బెల్టు కట్టుకోలేదు. విమానం హఠాత్తుగా తలక్రిందులు కాగా జారిపడి మరణించింది. విల్స్ కూడా మరణించాడు. ఒక పానా నియంత్రణ యంత్రాంగంలో ఇరుక్కొనడమే కారణమని తేలింది. అప్పటికి ఈమె వయసు 34 ఏళ్ళు. పాఠశాల కల నెరవేరలేదు.

స్మృతి
1929లో విలియం పావెల్ లాస్ ఏంజిల్స్‌లో ఈమె పేరిట విమాన క్లబ్బు స్థాపించాడు. చికాగోలో కార్నీలియస్ కాఫీ, జాన్ రాబిన్సన్ ప్రభృతులు ఛాలెంజర్ వైమానిక సంఘాన్ని ఏర్పరచారు. ఇతర విమానాశ్రయాలు తమను రానీయకపోవడంతో, నల్లజాతీయులే నివసించే రాబిన్స్ అనే శివారు ఊరిలో వారు స్వయంగా నేల చదును చేసుకున్నారు. 1933లో గాలివాన దానిని ధ్వంసం చేసింది. ఈ సంఘమే లింకన్ శ్మశానవాటికపై పూలు జల్లే ఆచారానికి ఆద్యురాలు. అనంతరం కాఫీ, విల్లా బ్రౌన్ నడిపిన పాఠశాలలో నేర్చినవారిలో కొందరు రెండవ ప్రపంచ యుద్ధంలో టస్కీగీ వైమానికులయ్యారు. బెస్సీ తలపెట్టిన పాఠశాల ఒక విధంగా అదేనని చెప్పవచ్చు.

1992లో వ్యోమగామి మే జెమిసన్ ఈమె ఛాయాచిత్రాన్ని అంతరిక్షానికి తీసుకువెళ్ళింది. 1995లో తపాలా బిళ్ళ, 2023లో పావు డాలరు నాణెం ఈమె బొమ్మతో వెలువడ్డాయి.