శ్రీకృష్ణదేవరాయల సాము

బాలకులారా, శ్రీకృష్ణదేవరాయలు మన విజయవాడలో విడిసియుండెనని మీలో ననేకు లెఱుగరు. కళింగ దండయాత్రా కాలమున నాతడు విజయవాటిలో కొన్ని దినములుండి, అటనుండి కృష్ణయొడ్డున నున్న శ్రీకాకుళమునకు పోయి, ఆంధ్రవిష్ణువును సేవించి, హరివాసరమున నుపవసించినట్లు తన ఆముక్తమాల్యదలో తానే చెప్పుకొనియున్నాడు. ఈ శ్రీకాకుళము నాగావళి యొడ్డున నున్న పట్టణము గాదు. మన కృష్ణామండలములోని గ్రామము. ఆ కావ్యమును గూర్చి మీ తెలుగు పండితులు చెప్పుదురు. నేను చెప్పదలచినది ఆ కవి భుజములను గూర్చి.

తుళువ నరసనాయకుని కుమారుడగు రాయలు 1509వ సంవత్సరమున సింహాసన మెక్కెను. తిమ్మరుసు మంత్రి యాతనికి పితృతుల్యుడు. రాజాతనిని అప్పాజీ యని పిలిచెడివాడని జనశ్రుతి. యుద్ధములన్నియు మీ చరిత్రపాఠములలో నున్నవి గాన పెక్కింటిని విడిచెదను. సుమారు 1520లో విజయనగరమును దర్శించిన డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు రాజును చూచి వ్రాసియుంచెను. ఆతని వ్రాతను బట్టి రాయలు నడితరపు పొడవువాడు, పచ్చని మేనిచాయవాడు, సన్నమనుటకంటె కొంచెము స్థూలకాయుడనదగినవాడు, మొగమున మశూచికపు మచ్చలు గలవాడు. ఎల్లప్పుడు నవ్వుమొగమే గాని, కోపము వచ్చినచో హఠాత్తుగా వచ్చెడిది. నాటకములలోని నిగనిగలాడు రాయలకంటె ఈ మచ్చల మొగము రాయలే నాకు నచ్చును.

ఈ రాజు ప్రతిదినము తెల్లవాఱకముందే లేచి, సుమారు ముప్పాతిక పైంటు నువ్వులనూనె త్రాగి, ఆ నూనెనే యొడలెల్ల పట్టించుకొని, చిన్నగుడ్డను మొలకు బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో నెత్తెడివాడు. పిదప కత్తి చేబూని, నూనె యంతయు చెమటయై వెలువడువఱకు సాము చేసెడివాడు. (తల్లిదండ్రులు భయపడవలదు; మన వ్యాయామోపాధ్యాయులు ఎవరిచేతను నూనె త్రాగింపరు.) అంతట తన జెట్లలో నొకనితో కుస్తీ పట్టెడివాడు. అదియు ముగిసిన పిదప గుఱ్ఱమెక్కి సూర్యోదయమువఱకు మైదానమున దౌడు తీయించెడివాడు. స్నానము, పూజ, రాచకార్యములు అన్నియు ఆ తరువాతనే.

వీనిలో కుస్తీయే నన్ను ఆలోచింపజేసినది. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నుండగా నేనును కొన్ని పట్టులు నేర్చితిని. ఉద్యోగము, సంసారము వచ్చిన పిదప విడిచితిని. నలువది దాటిన తరువాత, గడచిన వేసవిలో, ఒక మిత్రుని బలవంతముచే కృష్ణ యిసుకతిన్నెపై మరల నారంభించితిని. ఇంటిలో ఒంటరిగా దండీలు, బస్కీలు తీయునప్పుడు నాలో పూర్వపు బలమంతయు నున్నదనియే తలచితిని. మిత్రుడు మెడపై చేయి వేసిన క్షణముననే నా యెడమకాలు నిలువదని తెలిసినది. బరువులు అబద్ధమాడవు; కాని మన లోపమును వెదకి పట్టుకొనునవియు గావు. ఆ పని ఎదుటి మనుష్యుడే చేయవలెను.

ఇక రాజు సంగతి యోచింపుడు. కొలువులో నెల్లరు నాతనికి వంగి నమస్కరించువారే. వేకువచీకటిలో మాత్రము ఒక సామాన్యుని చేతులు ఆతని మెడను, నడుమును పట్టుకొనుచుండెను. జెట్టి మర్యాదకొఱకు పట్టు సడలించెనా, ఆ సాము వ్యర్థము. శత్రువువలె పట్టెనా, రాజునకు ఎముక విఱుగును. ఈ రెంటి నడుమ నిలుచుట కూలికి పనిచేయువాని వలన గాదు. అందుకు మిత్రుని మనస్సు కావలెను.

ఆ కాలపు కుస్తీ సుకుమారమైనది గాదు. మహానవమి యుత్సవములలో జెట్లు కొట్టుకొనుటలో పండ్లు రాలెడివనియు, కండ్లు పోయెడివనియు, మాట పడిపోయినవారిని వారి స్నేహితులు మోసికొనిపోయెడివారనియు పేస్ వ్రాసెను. అయినను న్యాయము లేకపోలేదు. ఇరువురిని సమముగా నిలుపుటకును, గెలిచినవానికి గౌరవము నిర్ణయించుటకును నాయకులు, తీర్పరులు నుండెడివారు. కొన్నియేండ్లకు వచ్చిన నూనిజ్ అను గుఱ్ఱపువర్తకుడు రాజునకు వేయిమంది జెట్లు గలరనియు, వారు మొనలుగల కడియములను చేతబట్టి పొడుచుకొనెడివారనియు, ఎక్కువ గాయపడినవానికి పట్టువస్త్రము బహుమానమనియు చెప్పెను.

ఈ నూనిజ్ చెప్పిన మఱియొక కథ యున్నది. అది మన ప్రాంతముననే మొదలైనది. 1515 జూన్ మాసమున కొండవీడు రాయల వశమైనది. పిదప కృష్ణ దాటి, మనకు చేరువనున్న కొండపల్లి దుర్గమును ముట్టడించి గెలిచెను. కొండవీటిలో పట్టుబడినవారిలో ప్రతాపరుద్ర గజపతి కుమారుడు వీరభద్రుడు ఒకడు. రాయ లాతనిని హీనముగా చూడలేదు. 1516 నాటి శాసనము ఆతడు కన్నడదేశమున నొక సీమకు పాలకుడుగా నుండెనని తెలుపుచున్నది. ఈ రాకుమారుడు కత్తిసామునను బాకుసామునను మిక్కిలి నేర్పరియని విని, రాజు ఆ విద్యను చూడగోరి, తన యొద్దనున్న ప్రవీణు నొకనిని ఎదుట నిలిపెను. ఆ ప్రవీణుడు రాజవంశీయుడు గాడు. రాచరక్తము లేనివానిని తాకి తన చేతులు మలినపఱచుకొనజాలనని చెప్పి, వీరభద్రుడు అక్కడనే ఆత్మహత్య చేసికొనెనని నూనిజ్ వ్రాత.

ఈ కథ చెప్పినప్పుడు తరగతిలో పిల్లలు రాకుమారుని గర్వమును నిందింతురు. నేను సగమే యంగీకరింతును. అనుదినము సామాన్యునితో మట్టిలో పొరలు రాజునకు, ఇది యవమానమగునని తోచియుండదు. కాని రాయలు తన యిచ్చచేత మల్లభూమిలో దిగెడివాడు, చాలుననుకొన్నప్పుడు లేచిపోగలడు. వీరభద్రుడు బందీ. స్నేహితుల నడుమ సరదాయైన పని బందీయెడల ఆజ్ఞయగును. ఆ భేదమును అంతటి బుద్ధిశాలి గ్రహింపలేకపోయెను.

తరువాత గజపతితో సంధి యయ్యెను. రాయలాతని కుమార్తెను పెండ్లాడి, కృష్ణకు ఉత్తరమున గెలిచిన సీమలను తిరిగి యిచ్చివేసెను. 1520లో రాయచూరు యుద్ధమున ముందువరుసలు చెదరిపోగా, వ్రేలియుంగరమును ఒక పరిచారకున కిచ్చి, తాను మరణించినచో దానిని రాణులకు గుర్తుగా చూపుమని చెప్పి, తానే గుఱ్ఱమెక్కి ముందునకు నడిచి జయించెను.

కడపటి యేండ్లు దుఃఖమయములు. పసివాడగు కొడుకు తిరుమలరాయని 1524లో పట్టాభిషిక్తుని గావింపగా, కొలది కాలముననే ఆ బాలుడు మరణించెను. విషప్రయోగమను అనుమానము తిమ్మరుసు కుటుంబముపై పడెను. రాజు ఆ వృద్ధుని కన్నులు తీయించెనని నూనిజ్ చెప్పుచున్నాడు. పేస్ చూచిన ఆ హఠాత్కోపము ఇక్కడనే బయటపడెనేమో. 1529లో రాయలు రోగముచే మరణింపగా, అచ్యుతరాయలు రాజ్యమునకు వచ్చెను.

హంపీలో మహానవమిదిబ్బ ఱాతిగోడలమీద నాటి మల్లుల బొమ్మలు నేటికిని ఒండొరులను పట్టుకొనియే యున్నవి.